గుడ్డ కింద చెయ్యి

పరదేశంలో అడుగుపెట్టినవాణ్ణి ముందుగా నవ్వుతూ పలకరించేవాడు స్నేహితుడు కాడు. ఈ ముక్క ఓడలో ఉండగానే యువరాజుకు చెప్పాను. ఆయన తల ఊపాడు. రాజకుమారులకు తల ఊపడం చిన్నప్పుడే నేర్పుతారు. విన్నది మనసులో పెట్టుకోవడం ఎవరూ నేర్పరు.

మా ఓడ దర్పణద్వీపం రేవు చేరేసరికి పొద్దు బారెడెక్కింది. ఎదురుగా తళుకుపట్నం! కోటగోడ పొడవునా నిలువుటద్దాలు. ఒక్క సూర్యుడు వేయి సూర్యులై మండుతున్నాడు. కోట బురుజుల మీద వెండి నెమళ్ళు పురి విప్పి, గాలి ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాయి. సముద్రం గోడల్లోనూ ఉంది. అందులోకి ఎగరబోయిన కొంగలు అద్దాలకు ముక్కులు తగిలించుకుని కంగారుగా వెనక్కి మళ్ళుతున్నాయి. ఆ వైభవానికి యువరాజు మేఘకేతుడు నోరు తెరిచాడు. ఇన్ని అద్దాలు తుడిచే కూలి ఎవరిస్తున్నారా అని నేను ఆలోచించాను. సాయంత్రానికి తెలిసింది. మేమే ఇస్తున్నాం.

నేను చంపకగిరి వర్తకుణ్ణి, పేరు రేవిశెట్టి. మా మహారాణి కాలనాగు ఊపిరి సోకి కన్ను తెరవకుండా పడి ఉంది. ఆమెను లేపగల చంద్రకర్పూరం ఈ ద్వీపంలో తప్ప మరెక్కడా దొరకదు. దాన్ని తెస్తానని ఆమె కొడుకు మేఘకేతుడు బయలుదేరాడు. కొనేవాడు రాజకుమారుడని తెలిస్తే కొట్టువాడు కొండంత ధర చెబుతాడు కనుక, ఆయన్ని నా గుమాస్తా కేతన్నగా మార్చి వెంట తెచ్చాను.

గుమాస్తా వేషం వేస్తే చాలదు కదా, బేరం కూడా తెలియాలి. మా వర్తకుల బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన గుడ్డ కప్పుకుంటారు. ఐదు వేళ్ళూ పట్టుకుంటే నిండు ధర. ఎదుటివాడు వేళ్ళు తగ్గించి పట్టుకుంటాడు. అలా తగ్గిస్తూ పెంచుతూ ఒకచోట కుదురుతారు. చివర గోటితో అరచేతిలో గీరితే కొసరు అడిగినట్టు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఒక్కరికీ ధర తెలియదు.

ఓడలో దారిపొడవునా యువరాజుకు ఇదే నేర్పాను. నేను ఐదు వేళ్ళు పట్టుకోగానే ఆయన కూడా మర్యాదగా ఐదు వేళ్ళూ పట్టుకునేవాడు.

"తగ్గించాలి బాబుగారూ!"

"ఆశపడి అడిగాడు కదా శెట్టిగారూ, కాదంటే బాధపడడూ?"

"బాధపడితే పడనివ్వండి. వాడు బతికేదే దానిమీద."

మళ్ళీ ఐదు వేళ్ళు పట్టుకునేవాడు. నేను గుడ్డ విసిరికొట్టి ఓడ అవతలి కొసకు పోయి కూర్చునేవాణ్ణి.

* * *

కోటద్వారం దగ్గర పసుపుపచ్చ తలపాగావాడొకడు రెండు చేతులూ చాచి ఎదురొచ్చాడు.

"రండి రండి అన్నగారూ! ప్రయాణం సుఖంగా సాగిందా? మా ద్వీపంలో బయటి బంగారం చెల్లదు. ఇక్కడ అద్దకాసులుగా మార్చుకోవాలి. అంతా మీ సౌకర్యం కోసమే."

నా సౌకర్యం కోసం అని ఎవడైనా అన్నాడంటే వాడి చెయ్యి నా మొల వైపు వస్తోందని నాకు తెలుసు. ఊరు కాని ఊరికి పోయినప్పుడు నేను బంగారం ఒకచోట ఉంచను. అందరికీ చూపడానికి మొలసంచిలో కొంచెం, తలపాగా అంచులో కుట్టింది కొంత, చెప్పుల అట్టల మధ్య మిగిలింది. మొలసంచిలోది మాత్రమే తీసి, అందులోనూ సగమే మార్చాను.

అద్దకాసు అందంగానే ఉంది. తిప్పి చూస్తే మన ముఖం మనకే కనిపిస్తుంది. వాడు కాసులు నా అరచేతిలో పోస్తూ, బొటనవేలితో నా చిటికెన వేలు మడిచి, ఆ మడత చాటున ఒక కాసును తన గుప్పిట్లోకి లాక్కున్నాడు.

"ఒకటి తగ్గింది" అన్నాను.

"అయ్యో, జారిపడిందేమో అన్నగారూ!"

"నీ గుప్పిట్లోకే జారింది. తెరువు."

నవ్వుతూనే తెరిచాడు. సిగ్గు లేనివాడి నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఆ మంటలో ఉండగానే యువరాజు తన సంచి మొత్తం వాడి ముందు బోర్లించాడు.

"కేతన్నా! లెక్క చూసుకో!" అని అరిచాను.

"ఎందుకు శెట్టిగారూ? నవ్వుతూ ఇచ్చాడు కదా."

ద్వారం దాటామో లేదో నీలిపంచె కట్టిన కూలివాడొకడు అడగకుండానే మా మూట ఎత్తుకుని పరుగెత్తాడు. పూటకూళ్ళ ఇల్లు వీధి అవతలే ఉంది. అక్కడ ఆగి, మూట నెత్తిమీదే ఉంచుకుని చెయ్యి చాచాడు.

"మొయ్యడానికి ఒక ధర, దించడానికి ఇంకో ధర స్వామీ. దించమంటారా, మళ్ళీ రేవుకు పట్టుకుపొమ్మంటారా?"

కాసు ఇస్తుంటే వీడూ నా చిటికెన వేలు మడవబోయాడు. ఆ చేతిమీద ఒక్కటి చరిచాను. ఈ ఊరి దొంగలందరికీ ఒకడే గురువు కాబోలు అనుకున్నాను.

* * *

పూటకూళ్ళ వకుళమ్మ గంటె పట్టుకునే మమ్మల్ని పలకరించింది.

"కాసులు మార్చారా నాయనా? ఏ మాత్రం?"

"కొంచెం" అన్నాను.

"ఈ అబ్బాయో?"

"ఉన్నదంతా" అన్నాడు యువరాజు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఆవిడ గంటె కింద పెట్టేసింది. "ఓరి నా తండ్రీ! అద్దకాసు ఆయుష్షు ఒక్క పగలు. పొద్దుగూకితే మసకబారిపోతుంది. మసకకాసు చెల్లదు. మంచికాసు ఒక్కటీ లేకుండా వీధిలో దొరికిన పరదేశిని ఖాళీమనిషి అంటారు. ఖాళీమనిషి సుంకాల అధికారి సొత్తు."

"తిరిగి బంగారంగా మార్చుకుంటే?"

"ఆ కొట్టు మధ్యాహ్నమే మూసేస్తారు."

"వీధిలో బంగారం చూపితే?"

"ఎందుకు మార్చలేదని జరిమానా వేస్తారు."

"ఇదంతా ద్వారం దగ్గరే చెప్పొద్దూ?"

"చెబితే ఎవడు మారుస్తాడయ్యా?"

చట్టం పేరుతో దోచుకునేవాడికంటే దారికాచి కొట్టేవాడు నయం. వాడికి కనీసం ఎక్కడ తంతారో అన్న భయం ఉంటుంది. నేను పళ్ళు నూరుతూ పెరట్లోకి పోతే, అక్కడ గంగాళంలో అన్నం ఉడుకుతోంది. ఇంట్లో చూస్తే మేమిద్దరమే అతిథులం.

"ఇంత అన్నం ఎవరికమ్మా?"

"ఒకేముఖం వాళ్ళకి" అంది వకుళమ్మ. "సుంకాల అధికారి ముకురభట్టు మాంత్రికుడు. ఖాళీమనుషులందరికీ ఒకటే ముఖం, ఒకటే ఒళ్ళు తగిలిస్తాడు. మాట తీసేస్తాడు. ఏడాదికోసారి నల్లతెరచాప ఓడ వచ్చి వాళ్ళని ఉప్పుగనులకి కొనుక్కుపోతుంది. మా ఆయన వాళ్ళలో ఉన్నాడు. గౌరన్నని, బెల్లం వర్తకుడు. పరదేశి. నన్ను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఈ మధ్య ఒకనాడు మొలలో మసకకాసులతో దొరికిపోయాడు. వాళ్ళలో ఎవరు నావాడో తెలీదు నాయనా. అందుకే అందరికీ పెడతాను."

"గుర్తేమీ లేదా?"

"నా చేతికూటికీ కొసరు అడిగేవాడు. కడుపు నిండినా ఇంకో ముద్ద వేయించుకోనిదే లేచేవాడు కాదు. ఇప్పుడు చూస్తే అందరివీ ఆకలి కడుపులే. అందరూ ఇంకో ముద్ద అడుగుతారు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, గంగాళం కింద మంట సరిచేసింది. "ఆ ఓడ రేపే వస్తోంది."

* * *

సుంకంభటులు ఇళ్ళలోకి రారట. కనుక యువరాజును ఇంట్లోనే ఉండమని, తెల్లవారగానే నేను చాటుగా వీధి దాటి ద్వారం దగ్గర ఇద్దరికీ సరిపడా కొత్తకాసులు మార్చుకొస్తానని చెప్పాను. "ఎవరు పిలిచినా గడప దాటకండి" అన్నాను. తల ఊపాడు.

నేను కాసులతో తిరిగొచ్చేసరికి గది ఖాళీ.

"ఆకుపచ్చ శాలువావాడొకడు వచ్చాడు" అంది వకుళమ్మ రొప్పుతూ. "మీ శెట్టిగారు కర్పూరం కొట్టు దగ్గర ఉన్నారు, తొందరగా రమ్మన్నారు అన్నాడు. నేను వద్దనేలోపే వాడి వెంట వెళ్ళిపోయాడు."

తెలియని ఊళ్ళో మనవాడు పిలుస్తున్నాడని తెలియనివాడు వచ్చి చెబితే, అది పిలుపు కాదు, ఉచ్చు. మూడేళ్ళ పిల్లకు కూడా తెలిసే సంగతి! నేను సుంకాల మండపం వైపు పరుగెత్తాను.

సగం దారిలో పైనుంచి లోహం గీసుకున్న చప్పుడు. తలెత్తి చూస్తే కంచుగద్ద! మండపం శిఖరం మీద ఉండే ఆ మాయపక్షి మసకకాసును వాసన పడుతుంది. నా మొలసంచిలో నిన్నటి కాసులు అలాగే ఉన్నాయి. తాటాకు చాపలంతటి రెక్కలు విప్పి నిలువునా దిగుతోంది. వీధి క్షణంలో ఖాళీ అయింది. గోళ్ళు నా తలపాగాను తాకేలోపు పక్కకు దూకాను. ఎదురుగా సుంకంభటుల నాయకుడి పల్లకీ వస్తోంది. మసకకాసులు గుప్పిట నిండా తీసి పల్లకీ తెరలోకి విసిరాను. గద్ద గిర్రున తిరిగి పల్లకీ కప్పు చీల్చుకుని లోపల దూరింది. బోయీలు తలో దిక్కుకూ పారిపోయారు. "నేను భటుణ్ణే! ఓయ్, నేను మనవాణ్ణే!" అని లోపలి నుంచి కేకలు. తన చట్టం తన నెత్తిన పడితే ఎలా ఉంటుందో ఒకడికైనా తెలిసిందని తృప్తిపడి, నేను పరుగు ఆపలేదు.

* * *

సుంకాల మండపంలో ఎనభై స్తంభాలకూ పలకలు పలకలుగా అద్దాలు. పైన చంద్రకాంతశిలల కప్పు, కింద రత్నకంబళి. ఏనుగుదంతపు పీఠం మీద, అద్దపు బిళ్ళలు కుట్టిన అంగీలో ముకురభట్టు మెరిసిపోతున్నాడు. చేతిలో మొసలితల దండం. మండపం ముందు ధ్వజస్తంభం మీద ద్వీపం జెండా ఎగురుతోంది. దాని వెనక రేవులో నల్లతెరచాప ఓడ లంగరు దించింది.

ధ్వజస్తంభం పక్కన ఒకేముఖం వాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. అదే పాలిపోయిన ముఖం, అదే వంగిన భుజం, అదే చూపు, ఆ చివరి దాకా. నా యువరాజు వాళ్ళలో ఒకడు.

"నా గుమాస్తాను విడిపించుకోవడానికి వచ్చాను" అన్నాను.

"తప్పకుండా శెట్టీ" అన్నాడు ముకురభట్టు. "పొద్దుగూకాక జెండా దించి వీళ్ళని ఓడ ఎక్కిస్తాం. ఆలోపు నీవాణ్ణి వేలెత్తి చూపించు. సరైనవాడైతే ధర కట్టి తీసుకుపో. తప్పయితే వాడి పక్కన నువ్వూ నిలబడు. ధర మాత్రం బంగారంలోనే సుమా."

"బయటి బంగారం చెల్లదన్నారు కదా!"

"నీ దగ్గర చెల్లదు. మా దగ్గర చెల్లుతుంది."

నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. కానీ కోపం పైకి చూపితే ధర పెరుగుతుంది. చేతులు కట్టుకున్నాను.

"తమ చట్టం ప్రకారమే నడుచుకుంటాను స్వామీ. మా ఆచారం ఒకటి ఉంది. గుడ్డ కింద చేతులు కలపకుండా మేం గవ్వ కూడా కొనం. ఒక్కొక్కరితో చెయ్యి కలపనివ్వండి. ఆనక తమతో ధర మాట్లాడుకుంటాను. గుడ్డ కిందికి వెళ్ళిన చెయ్యి ఎవరిదైనా సరే, బేరం తేలేదాకా బయటికి రాకూడదు. బేరం నడుస్తుండగా జెండా దించకూడదు. జెండా మీద ఒట్టు వేస్తారా?"

ఒకేముఖం వాళ్ళకి పెట్టడానికి అన్నపుగంప మోసుకుంటూ నా వెనకే వచ్చిన వకుళమ్మ, ఆ ఒట్టు సంగతి మండపం మెట్ల దగ్గర నా చెవిలో ఊదింది. జెండా మీద ఒట్టు తప్పితే ఈ ద్వీపంలో అద్దాలన్నీ పగిలిపోతాయి.

ముకురభట్టు పగలబడి నవ్వాడు. "చేతులు చూసి పోలుస్తావా? చేతులూ ఒకే అచ్చులో పోశానయ్యా! తడుముకో, తడుముకో. జెండా మీద ఒట్టు!"

నా ఉత్తరీయం తీసి మొదటివాడి చేతిమీద కప్పాను. నిజమే. వేళ్ళ పొడవు, గోళ్ళ తీరు, అన్నీ ఒకటే. నేను వెతుకుతున్నది అది కాదు.

ఐదు వేళ్ళూ పట్టుకున్నాను. నిండు ధర. ఆ చెయ్యి ఉలిక్కిపడింది. వెంటనే నా వేళ్ళు రెండు మాత్రం పట్టుకుంది. వాడి మాట పోయింది, ముఖం పోయింది, ఉప్పుగనులకు అమ్ముడుపోతున్నాడు. అయినా నిండు ధర అడిగితే ఒప్పుకోలేదు! మూడు వేళ్ళ దగ్గర కుదుర్చుకుని గుడ్డ తీశాను.

రెండోవాడు ఒక్క వేలే పట్టుకున్నాడు. మూడోవాడు కోపంగా చేతిని గిల్లాడు. అంతా నా వాళ్ళే, సంతల్లో పుట్టి రేవుల్లో పెరిగినవాళ్ళు. మండపం మెట్లమీద సుంకం గుమాస్తాలు ఆవులిస్తున్నారు. ఎండ స్తంభాల నీడల్ని చాపుతోంది. వరస సగం దాటాక ఒక చెయ్యి రెండు వేళ్ళ దగ్గర మొండికేసి, ఎట్టకేలకు కుదిరింది. అయ్యాక గోటితో నా అరచేతిలో మెల్లగా గీరింది. కొసరు! అడుగు తీసి అడుగు వేయబోయి ఆగాను. వకుళమ్మ వైపు చూడలేదు. చూస్తే ముకురభట్టు కనిపెడతాడు. కానీ నేను చూపగలిగేది ఒక్కణ్ణే. దాని మీద ఒక రాణి ప్రాణం ఉంది. ముందుకు కదిలాను.

వరస చివరికి వచ్చేసింది. గుడ్డ కప్పాను. ఐదు వేళ్ళూ పట్టుకున్నాను.

ఆ చెయ్యి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మర్యాదగా, నిండుగా, నా ఐదు వేళ్ళూ పట్టుకుంది.

ఓడలో ఈ చేతిని ఎన్ని తిట్లు తిట్టానో! ఇప్పుడు దాన్ని వదలబుద్ధి కాలేదు.

"వీడే" అన్నాను.

పొగలా ఆ పాలిపోయిన ముఖం కరిగిపోయి మేఘకేతుడు నిలబడ్డాడు. మాట రాగానే మొదట అన్నది ఇదీ: "శెట్టిగారూ, నావల్ల మీకేమీ నష్టం రాలేదు కదా?"

"ధర తేలాక చెబుతాను" అన్నాను.

ముకురభట్టు ముఖం మాడింది. పీఠం దిగి వచ్చి విసురుగా గుడ్డ కింద చెయ్యి పెట్టాడు. నా ఐదు వేళ్ళూ నలిపేసేలా పట్టుకున్నాడు. నీ దగ్గర ఉన్నదంతా ఇమ్మని. ఆ పట్టులోనే, అలవాటు కొద్దీ, వాడి బొటనవేలు వచ్చి నా చిటికెన వేలు మడిచింది.

ఈ మడత నాకు తెలుసు. ద్వారం దగ్గర పసుపుపచ్చ తలపాగా. నీలిపంచె. ముఖాలు ఎన్ని మార్చుకున్నా వేలి బుద్ధి మారలేదు!

"నవ్వుతూ కాసులు మార్చింది నువ్వు" అన్నాను మండపమంతా వినిపించేలా. "మూట మోసిందీ నువ్వే. శాలువా కప్పుకుని మావాణ్ణి పిలుచుకుపోయింది కూడా నువ్వే అయ్యుండాలి. ఒక్కడివే ఇన్నిసార్లు దోచావురా! కడుపుకు చాలకనా? కూలివాడి కాసు కూడా వదలవా?"

మెట్ల మీది గుమాస్తాలు ఆవులింతలు ఆపారు. ముకురభట్టు చెయ్యి వెనక్కి గుంజాడు. దగ్గరి స్తంభం మీది అద్దం టప్పున చిట్లింది. ఒట్టు! వాడి ముఖంలో రక్తం ఇంకిపోయింది. చెయ్యి మళ్ళీ గుడ్డ కిందికి వచ్చింది.

నేను రత్నకంబళి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. వాడూ కూర్చోక తప్పలేదు.

"వకుళమ్మా! ఆ రెండు వేళ్ళ దగ్గర మొండికేసినవాడు, కుడిపక్క అద్దం చిట్లిన స్తంభానికి ఎదురుగా నిలబడ్డవాడు, గౌరన్న! ఇప్పటికీ కొసరు అడుగుతున్నాడమ్మా!"

ఆవిడ చేతిలో గంప జారిపడింది. అన్నం మీదుగా పరుగెత్తి ఆ ఒకేముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నీవాడికి నిండు ధర అడుగుతున్నాను, కట్టు!" అన్నాడు ముకురభట్టు పళ్ళ బిగువున.

నేను వాడి వేళ్ళలో ఒక్కటే పట్టుకున్నాను. ఆపై గోటితో అరచేతిలో గట్టిగా గీరాను.

"ఇదీ ధర. కొసరుగా ఈ వరసంతా కావాలి. తెల్లారినా సరే, ఎల్లుండైనా సరే, నేను లేవను."

వాడి ఎడమచేతిలో మొసలితల దండం పైకి లేచింది. పల్లకీ ముక్కలు గోళ్ళకు వేలాడుతుండగా కంచుగద్ద శిఖరం మీదుగా తిరిగి వచ్చింది. మేఘకేతుడు ధ్వజస్తంభం దగ్గరి భటుడి చేతిలోంచి బల్లెం లాక్కుని నాకూ దానికీ మధ్యకు దూకాడు. గద్ద నీడ మా ఇద్దరి మీదా, మధ్యనున్న గుడ్డ మీదా పరుచుకుంది.

ఆ నీడలో, ఎవరికీ కనబడకుండా, ముకురభట్టు ఒక వేలు తగ్గాడు.